చెప్పుకోని నొప్పి ఫోనుకెలా తెలుస్తుంది?

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి తెనాలి నుంచి మా అక్క ఫోన్ చేసింది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, ఇక పెట్టేస్తుందనగా, "గుండెల్లో మంటగా ఉంటోందే, అరిసెలు నాలుగు ఎక్కువ తిన్నట్టున్నాను" అంది. మన ఆడవాళ్ళ ఒంట్లో బాగాలేని కబుర్లు ఎప్పుడూ ఫోన్ పెట్టేసే ముందే వస్తాయి, గమనించారో లేదో! "డాక్టరుకి చూపించుకోరాదూ" అన్నాను. "దీనిక్కూడానా? పండగ ఖర్చులే ఇంకా తేలలేదు మీ బావకి" అంది.

నా ఫోన్లో ఒక యాప్ ఉంది. ఒంట్లో ఎలా ఉందో చెబితే ఏ జబ్బు కావచ్చో చెబుతుంది. మా ఆఫీసులో అందరూ వాడుతున్నారని నేనూ పెట్టుకున్నాను. "నువ్వు చెప్పక్కా, నేను నొక్కుతాను" అని మొదలుపెట్టాను. అది ఇంగ్లీషులో అడుగుతుంటే నేను తెలుగులో అడిగాను. అక్క తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో నొక్కాను.

వయసు 58. "షుగరుందా?" అంటే, "మాత్ర వేసుకుంటున్నాగా, ఇప్పుడు కంట్రోల్లోనే ఉంది" అంది. పదేళ్ళుగా ఉన్న షుగరుని నేను లేదనే నొక్కేశాను. నొప్పి ఒకటి నుంచి పది వరకు ఎంత అంటే, "ఎంతేముందీ, మూడెయ్యి" అంది. ఎడమవైపు దవడ అప్పుడప్పుడు లాగుతోందని కూడా అంది. పిప్పిపన్ను సంగతని ఇద్దరం అనుకున్నాం, అది అసలు రాయలేదు. చివరికి యాప్ అజీర్తి కావచ్చంది. కారం, నూనె తగ్గించమంది. ఇంట్లోనే చూసుకోవచ్చు, వారంలో తగ్గకపోతే డాక్టరుని కలవమంది. "చూశావా, నేను చెప్పలా!" అని అక్క నవ్వింది. నేనూ నిశ్చింతగా పడుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూ వేస్తూ అక్క చెమటలు పట్టి కూలబడింది. బావగారు 108కి ఫోన్ చేశారు. గుండెపోటు. స్టెంటు వేశారు. మనిషి దక్కింది గానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు బిందె ఎత్తకూడదు, మెట్లు ఆగి ఆగి ఎక్కాలి. "నాలుగు రోజుల ముందు తీసుకొచ్చి ఉంటే" అన్నాడు డాక్టరు. ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరమూ లేకపోయింది, ఆ బటన్లు నొక్కింది నేనే కనుక.

ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏం తోచక, ఆ యాప్‌ని మళ్ళీ తెరిచాను. ఈసారి షుగరు ఉందని నొక్కాను. దవడ లాగుతోందన్నాను. డాక్టరు అడిగితే అక్క చెప్పిన మరో సంగతి కూడా రాశాను. రెండు నెలలుగా మేడ మీద బట్టలు ఆరేయడం మానేసిందట. మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుండి, కాసేపు కూర్చుంటే తగ్గుతోందట. ఇవన్నీ నొక్కేసరికి అదే యాప్, అదే ఫోను, "ఆలస్యం చేయకుండా అత్యవసర చికిత్సకు వెళ్ళండి" అని ఎర్ర అక్షరాలతో చెప్పింది.

అందుకే ఇవాళ ఈ యంత్రాన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. అలాగని నెత్తిన పెట్టుకోమనీ చెప్పలేను. నాకు అర్థమైంది ఒక్కటే. ఫోను మనం చెప్పిందే వింటుంది. మన నొప్పి మనం చెప్పుకోకపోతే దానికి దిక్కు లేదు.

ముందుగా దాని సామర్థ్యం సంగతి చూద్దాం. అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు 2015లో ఇలాంటి 23 సాధనాలను పరీక్షించారు. ముందే జబ్బు తెలిసిన 45 మంది రోగుల వివరాలను రాసుకుని వాటికి ఇచ్చి చూశారు. అసలు జబ్బు పేరు జాబితాలో మొదటి స్థానంలో వచ్చింది 34 శాతం సార్లే. జబ్బు పేరు అటుంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలా, మెల్లగా వెళ్ళొచ్చా, ఇంట్లో ఉంటే సరిపోతుందా అన్న సలహా అయినా సరిగ్గా వచ్చిందా అంటే, అన్నీ కలిపి 57 శాతం సార్లు వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన జబ్బుల్లో మాత్రం 80 శాతం సరైన సలహా ఇచ్చాయి. ఇంట్లో ఉంటే చాలన్న చిన్న జబ్బుల్లో మూడింట ఒకటే సరిగ్గా చెప్పాయి. అంటే చాలాసార్లు అవసరం లేకపోయినా డాక్టరు దగ్గరికి పంపేస్తాయన్నమాట. దానితో పెద్ద నష్టం లేదు, డబ్బూ సమయమూ పోతాయి. కానీ ఆ 80 పోను మిగిలిన 20 ఉంది చూశారూ, అయిదుగురిలో ఒకరు, ఆ ఒకరు మన ఇంట్లో మనిషైతే ఆ లెక్క వేరుగా కనిపిస్తుంది.

అదే బృందం మరుసటి ఏడాది డాక్టర్లకూ ఈ సాధనాలకూ పోటీ పెట్టినట్టు చూసింది. రోగిని ఎదురుగా చూడకుండా, రాసిచ్చిన వివరాలు చదివే, డాక్టర్లు 72 శాతం సార్లు మొదటి మాటలోనే జబ్బు పట్టుకున్నారు. యంత్రాలు 34 శాతం. ఆస్ట్రేలియాలో 2020లో 36 సాధనాలను చూసినప్పుడు కూడా మొదటి పేరు సరిగ్గా వచ్చింది 36 శాతం సార్లే.

"అవన్నీ పాతవి, ఇప్పుడు మనిషిలాగే మాట్లాడే కృత్రిమ మేధ వచ్చింది కదా" అంటారు పిల్లలు. నిజమే. దాని గురించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో బయటపెట్టిన సంగతి వినండి. బ్రిటన్‌లో సుమారు 1300 మందిని తీసుకుని, కొన్ని కల్పిత జబ్బుల కథలు ఇచ్చి, ఇలాంటి మాట్లాడే యంత్రాల సాయంతో ఏ జబ్బో, ఏం చేయాలో తేల్చుకోమన్నారు. కథ మొత్తాన్ని నేరుగా యంత్రానికే ఇస్తే అది నూటికి దాదాపు 95 సార్లు సంబంధిత జబ్బును పట్టేసింది. అదే యంత్రంతో మామూలు మనుషులు మాట్లాడి తేల్చుకోబోతే, మూడింట ఒకవంతు కంటే పెద్దగా మించలేదు. తమకు అలవాటైన పద్ధతిలో, యంత్రం లేకుండా తేల్చుకున్నవాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ లేరు. చాలామంది చెప్పవలసింది సగమే చెప్పారు, యంత్రం చెప్పినదాంట్లో ఏది ముఖ్యమో పోల్చుకోలేకపోయారు. చదివి నేను నివ్వెరపోయాను. ఎంత చదువుకున్న యంత్రమైనా, దానికి చేరే మాట సగమే అయితే అదీ సగమే!

ఆ సగం మాట మన ఇళ్ళల్లో ఎందుకు సగమవుతుందో వేరే చెప్పాలా? చిన్నప్పటి నుంచి మనకి నేర్పిన మొదటి మాట "ఏం లేదు". కాలు తెగి రక్తం కారుతుంటే "ఏం లేదు, చిన్న గీత". జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే "కొంచెం ఒళ్ళు వెచ్చబడింది". డాక్టరు నాడి పట్టుకుని చూస్తాడు, కనురెప్ప కిందకి లాగి చూస్తాడు, ఆయాసం వింటాడు. మనం ఏం లేదన్నా ఆయన కళ్ళు ఉందంటాయి. ఫోనుకి ఆ కళ్ళు లేవు. మూడు అంటే మూడే అనుకుంటుంది. భర్త నొప్పికి ఎనిమిదేసే మనిషి తన నొప్పికి మూడేస్తుందని దానికి ఎవరు చెబుతారు?

ఇంకో సంగతి భాష. "వేడి చేసింది", "పైత్యం చేసింది", "నరాలు లాగేస్తున్నాయి", "ఒంట్లో నెమ్ము చేరింది", "గుండెల్లో ఏదోలా ఉంది" అని చెప్పుకుంటాం మనం. వీటికి ఆ పెట్టెలో గడి ఉండదు. గుండెల్లో మంట అన్నదాన్ని నేను అజీర్తి మంటగా మార్చి నొక్కాను చూడండి, అక్కడే దారి తప్పింది. గుండెజబ్బు ఆడవాళ్ళలోనూ ఛాతీనొప్పితో రావడమే ఎక్కువ. కానీ దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ లాగడం, వీపు మధ్య నొప్పి, వికారం, ఆయాసం, అంతులేని నీరసం కూడా కనిపిస్తాయి. షుగరున్నవాళ్ళలో నొప్పి మందంగా తెలుస్తుంది. ఇవన్నీ మన భాషలో "గ్యాసు పట్టింది" అన్న ఒక్క మాటలో దూరిపోతాయి.

నీరసం సంగతే తీసుకోండి. ఫోనులో నీరసం అని కొడితే థైరాయిడ్ నుంచి క్యాన్సర్ దాకా బారెడు జాబితా వస్తుంది. గుండె జారిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ సగానికి పైనే. మన వీధిలో నీరసమన్న మనిషికి ముందు చేయించవలసింది హిమోగ్లోబిన్ పరీక్ష. నెలసరిలో ఎన్ని రోజులు, ఎంత పోతోంది అని అడగాలి. ఆ ప్రశ్నకి జవాబు కొడుకు చేతిలో ఉన్న ఫోనుకి తల్లి చెబుతుందా? అదే సర్వే లెక్కల్లో, తాను స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్ళు దేశంలో 54 శాతమే. మిగతావాళ్ళ ఒంటి సంగతి ఫోనుకి చేరాలంటే మధ్యలో ఒక మగమనిషో, పిల్లవాడో, నాలాంటి తొందరపాటు చెల్లెలో ఉండాలి. తెల్లబట్ట గురించి, రొమ్ములో గడ్డ గురించి, మూత్రం ఆపుకోలేకపోవడం గురించి చెప్పాలంటే నోరు పెగలదు.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఆ నోరు పెగలని చోటే ఈ సాధనం గొప్ప మేలు కూడా చేయగలదు. ఒకప్పుడు స్త్రీల పేజీలకీ, వారపత్రికల్లో డాక్టరు శీర్షికలకీ వచ్చే ఉత్తరాల చివర "దయచేసి నా పేరు వేయకండి" అని ఉండేది. అమ్మతో చెప్పుకోలేనిది, మొగుడితో అనలేనిది ఒక ఇన్లాండు కవరులో రాసి పోస్టు డబ్బాలో వేసేవాళ్ళు. జవాబు కోసం వారాలకు వారాలు ఎదురుచూసేవాళ్ళు. "వైద్యుడు లేని చోట" అన్న పుస్తకం తెలుగులో వచ్చినప్పుడు ఊళ్ళల్లో పనిచేసేవాళ్ళకి అది చేతిలో దీపంలా ఉండేది. 1991లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన "సవాలక్ష సందేహాలు" ప్రచురించినప్పుడు, మన శరీరం గురించి మన భాషలో, సిగ్గుపడకుండా చదువుకోవచ్చని చాలామందికి మొదటిసారి తెలిసింది. తన ఒంటి గురించి తాను తెలుసుకోవాలన్న ఆ ఆరాటానికి ఇవాళ ఫోను కొత్త వాకిలి. అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు. "నీ వయసెంత, పెళ్ళయిందా?" అని ఎగాదిగా చూడదు.

ఫోనులో చదివి భయపడి చస్తారు అని కొందరు డాక్టర్లు ఎగతాళి చేస్తారు. కొందరి విషయంలో అది నిజమే, తలనొప్పి అని మొదలుపెట్టి మెదడులో కణితి దగ్గర తేలి నిద్రలు పోగొట్టుకునేవాళ్ళని నేనూ ఎరుగుదును. కానీ అందరూ అంతేననడం న్యాయం కాదు. అమెరికాలో 5000 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరిశీలనలో, ఇంటర్నెట్‌లో వెతికాక జబ్బును సరిగ్గా పోల్చడం 49.8 నుంచి 54 శాతానికి, కొంచెమే అయినా, పెరిగింది. ఆదుర్దా మాత్రం పెరగలేదు. అయితే వాళ్ళు వెతికింది తమ జబ్బు కోసం కాదు, కాగితం మీద రాసిచ్చిన జబ్బు కోసమన్నది గుర్తుంచుకోవాలి. అయినా, అడిగే ఆడదాన్ని చూసి నవ్వే ముందు, ఆమె ఫోనుని ఎందుకు అడుగుతోందో డాక్టర్లూ ఆలోచించాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి రెండు నిమిషాలు మించి ఇవ్వకపోతే, ఆమె వినేదాన్ని వెతుక్కుంటుంది మరి.

ఇలాంటి సాధనాల్లో ఒకదాని పుట్టుక కథ చెబుతాను. 1999లో ఇంగ్లండులో ఇసబెల్ అనే మూడేళ్ళ పాపకి ఆటలమ్మ పోసింది. రోజురోజుకీ పాప నీరసించిపోతుంటే తల్లిదండ్రులు డాక్టర్లకి చూపించారు. ఆటలమ్మే, తగ్గిపోతుందని పంపేశారు. నిజానికి దాని మీద కండని తినేసే భయంకరమైన ఇన్ఫెక్షన్ చేరింది. పాప చావు అంచుదాకా వెళ్ళి బతికింది. ఆ తండ్రి తన ఉద్యోగం వదిలి, పాపకి వైద్యం చేసిన డాక్టరుతో కలిసి, "ఇది ఇంకేమైనా కావచ్చా?" అని డాక్టర్లకే గుర్తుచేసే ఒక కంప్యూటర్ సాధనం తయారుచేయించాడు. దానికి పాప పేరే పెట్టారు. తరవాత అది మామూలు జనానికీ అందింది. నాకు ఈ కథలో నచ్చింది యంత్రం కాదు, ఆ ప్రశ్న. "ఇంకేమైనా కావచ్చా డాక్టరుగారూ?" అని మర్యాదగా అడిగే ధైర్యం ప్రతి తల్లికీ ఉండాలి. ఫోను ఆ ధైర్యాన్నిస్తే దానికి దణ్ణం పెడతాను.

కాబట్టి వాడొద్దని చెప్పను. ఎలా వాడాలో మాత్రం, దెబ్బ తిన్నదాన్ని కనుక, నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, దాన్ని జబ్బు పేరు అడక్కండి. ఎంత తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అడగండి. అది వెళ్ళమంటే వెళ్ళండి. వెళ్ళక్కర్లేదంటే మాత్రం గుడ్డిగా నమ్మకండి. "వెళ్ళు" అన్న మాట తప్పయితే ఒక పూట పోతుంది. "వద్దు" అన్న మాట తప్పయితే మనిషే పోవచ్చు. భయపెట్టే జవాబు కంటే ఊరడించే జవాబు మనకి ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే వెళ్ళకుండా ఉండడానికి మనం ఎప్పుడూ ఒక వంక కోసమే చూస్తుంటాం.

రెండోది, ఫోను తెరిచే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుంచి? ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది? ఇంతకుముందు చేసే ఏ పని ఇప్పుడు మానేశాను? షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నాయా, ఏ మాత్రలు వేసుకుంటున్నాను? నొప్పికి అంకె వేసేటప్పుడు, ఇదే నొప్పి మీ పిల్లకి వస్తే ఎంత వేస్తారో అంత వేయండి. ఆ కాగితాన్నే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. "ఫోనులో ఇలా వచ్చింది" అనకుండా "నాకు ఇలా ఉంది" అని మొదలుపెట్టండి.

మూడోది, కొన్నిటికి ఏ యాపూ తెరవొద్దు, 108కే ఫోన్ చేయాలి. ఛాతీ, దవడ, చెయ్యి, వీపుల్లో బరువుగా ఉండి చెమటలు, ఆయాసం వస్తే. మూతి పక్కకి పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా. గర్భిణికి రక్తస్రావం, ఫిట్సు, చూపు మసకబారే తలనొప్పి వస్తే. పసిబిడ్డ పాలు తాగలేకుండా వేలాడిపోతుంటే. ఈ సమయాల్లో ప్రశ్నలకి జవాబులిస్తూ కూర్చోవడమే ప్రమాదం. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా, రొమ్ములో గడ్డ తగిలినా 108 అక్కర్లేదు గానీ ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోవాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ నంబరు, మనిషే మాట్లాడతారు.

నాలుగోది, మన రహస్యం. పేరు వేయొద్దని రాసిన ఉత్తరాన్ని ఎడిటరు దాచేవారు. ఫోను దాస్తుందన్న హామీ లేదు. నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్, ఆడవాళ్ళ వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ఆరోపించింది, 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. పేరు, ఫోన్ నంబరు అడగకుండానే పనిచేసే సాధనం ఉంటే అదే వాడండి. డాక్టరుతోనే మాట్లాడాలంటే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక ఇంట్లో మగవాళ్ళకీ, పిల్లలకీ ఒక మాట. అమ్మ ఒంట్లో బాలేదంటే "ఫోనులో చూద్దాం" అనడం చాలా తేలిక. ఆటో పిలవక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు. ఆ తేలికే నాకు భయం. ఫోను ఆసుపత్రికి దారి చూపాలి గానీ, ఆసుపత్రికి తీసుకెళ్ళని వాళ్ళ మనసుకి సర్దిచెప్పే సాకు కాకూడదు.

ఆసుపత్రిలో అక్క కళ్ళు తెరిచిన రోజున ఉండబట్టలేక అడిగేశాను. "రెండు నెలలుగా మెట్లెక్కలేకపోతున్నావే, నాకెందుకు చెప్పలేదక్కా?" అని. "ఎవరడిగారే?" అంది. కోపంగా కాదు, మామూలుగా, ఉన్నమాటే చెప్పినట్టు.

నిజమే. యాప్ కూడా అడగలేదు, ఎందుకంటే నేను దాన్ని గుండె వైపు పోనివ్వలేదు. బావగారు అడగలేదు, కోడలు అడగలేదు, వారానికి రెండుసార్లు ఫోన్ చేసే నేనూ అడగలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేయగానే, ఆ కబురూ ఈ కబురూ మొదలవకముందే, "ఈ వారం ఏ పని చేయలేకపోయావు?" అని అడుగుతున్నాను. "ఎలా ఉన్నావు" అంటే "బాగానే ఉన్నా" అనేస్తుంది. ఇలా అడిగితే మాత్రం కాసేపు ఆగి, ఆలోచించి, ఉన్నది చెబుతోంది. మీరూ ఈ ఆదివారం మీ అమ్మనో, అత్తగారినో, అక్కనో ఈ ప్రశ్న అడిగి చూడండి. ఆ తరవాత మిమ్మల్ని మీరూ అడగండి.